గుండెకి ఎంత రక్తం పంపాలో ఎవరు చెబుతారు?

మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. పడుకున్నప్పుడు నిమిషానికి అయిదు లీటర్లు పంపే గుండెకి, పరిగెత్తేటప్పుడు ఇరవై లీటర్లు పంపాలని ఎలా తెలుస్తుంది, మెదడు చెబుతుందా అన్నది మొదటిది. మీ నాన్నగారి ఎకో రిపోర్టులో ఈఎఫ్ 35 శాతం అని ఉంది, అంటే గుండె మూడో వంతే పనిచేస్తోందా, కుర్చీలో బాగానే ఉన్న మనిషికి రెండో అంతస్తు ఎక్కేసరికి ఎందుకంత ఆయాసం అన్నది రెండోది. మొదటిది అర్థమైతే రెండోదానికి జవాబు దాదాపు దొరికినట్టే. అందుకని ఆ వరసలోనే చెబుతాను. గుండె ఆపరేషన్లలో మత్తు డాక్టర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీరు అడిగిన విషయం మాకు థియేటర్లో రోజూ కంటికి కనిపించేదే.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఎంత రక్తం పంపాలో గుండె నిర్ణయించుకోదు. తన దగ్గరికి ఎంత వస్తే అంత పంపుతుంది. ఎంత రావాలన్నది ఒంట్లో పనిచేస్తున్న కండరాలూ అవయవాలూ తేలుస్తాయి. మెదడు, నరాలు, హార్మోన్లు ఆ పని ఆలస్యం లేకుండా, బీపీ పడిపోకుండా జరిగేలా చూసుకుంటాయి. మిగతాదంతా దీనికి వివరణ.

లెక్కతో మొదలుపెడదాం. గుండెలో ఎడమవైపు కింది గది పేరు ఎడమ జఠరిక. ఒంటికంతటికీ రక్తం తోసేది అదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో, ముడుచుకోబోయే ముందు అందులో సుమారు 120 మి.లీ. రక్తం నిండి ఉంటుంది. ముడుచుకున్నప్పుడు 70 మి.లీ. బయటికి పోతుంది, 50 లోపలే మిగిలిపోతుంది. 120లో 70 అంటే 58 శాతం. రిపోర్టులో రాసే ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్) ఇదే. 55 నుంచి 70 మధ్య ఉంటే మామూలు కిందే లెక్క. ఎంత గట్టి గుండె అయినా పూర్తిగా ఖాళీ అవ్వదు, నూటికి నూరు ఈఎఫ్ ఎవరికీ ఉండదు. కాబట్టి మీ నాన్నగారి 35ని నూటితో కాకుండా అరవైతో పోల్చి చూడాలి. అలా చూసినా అది సగం కథే. మిగతా సగం దగ్గరికి తర్వాత వస్తాను.

దెబ్బకి 70 మి.లీ., నిమిషానికి 70 దెబ్బలు, వెరసి 4,900 మి.లీ. దీన్నే మేం కార్డియాక్ అవుట్‌పుట్ అంటాం. ఒంట్లో ఉన్న రక్తం మొత్తం కూడా ఇంచుమించు అయిదు లీటర్లే. అంటే ఊరికే కూర్చున్నా, ఉన్న రక్తమంతా నిమిషానికోసారి గుండెలోంచి వెళ్లి వస్తుంది. బాగా పరిగెత్తే కుర్రాడిలో ఇది 20 నుంచి 25 లీటర్లకి పోతుంది. అంతర్జాతీయ స్థాయి సైకిలిస్టులు, దూరపు పరుగువాళ్లలో 35 లీటర్లు దాటిన కొలతలున్నాయి.

గుండె కోసి చూడకుండా ఇదెలా కొలుస్తారని అనుమానం రావచ్చు. 1870లో జర్మనీలో అడాల్ఫ్ ఫిక్ ఒక చక్కటి లెక్క చెప్పాడు. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 250 మి.లీ. ఆక్సిజన్ వాడుకుంటాడు. గుండె నుంచి బయల్దేరిన రక్తంలో లీటరుకి 200 మి.లీ. ఆక్సిజన్ ఉంటుంది, తిరిగి వచ్చిన రక్తంలో 150 మిగులుతుంది. లీటరుకి 50 చొప్పున దిగితే, 250 దిగడానికి అయిదు లీటర్లు తిరగాలి. గుండెలోకి సన్నటి గొట్టాలు పంపి పరీక్షించే క్యాథ్ ల్యాబ్‌లో ఇప్పటికీ ఈ లెక్క వాడతారు.

ఇక అసలు విషయం. ఎక్కువ రక్తం కావాలని ఎవరు అడుగుతారు? అలిపిరి మెట్లు ఎక్కుతున్నారనుకోండి. తొడ కండరాలు, పిక్కలు గట్టిగా పనిచేస్తాయి, ఆక్సిజన్ అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం, పొటాషియం, అడినోసిన్ లాంటివి కండరంలో పోగవుతాయి. ఇవి తగిలిన చోట చిన్న ధమనుల గోడలు వదులవుతాయి, గొట్టం వెడల్పవుతుంది. గొట్టం వ్యాసం రెండింతలైతే ప్రవాహం పదహారింతలవుతుంది కాబట్టి కొంచెం వెడల్పు పెరిగినా చాలు, రక్తం జోరుగా దూసుకొస్తుంది. ఇందులో మెదడు ఆజ్ఞ ఏమీ లేదు. ఏ కండరం పనిచేస్తే దాని తలుపు అదే తెరుచుకుంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒంట్లోని కండరాలన్నిటికీ కలిపి నిమిషానికి లీటరు రక్తం చాలు. పరుగు తారస్థాయిలో ఉన్నప్పుడు గుండె పంపేదాంట్లో అయిదింట నాలుగు వంతులు కండరాలకే పోతుంది. అదే సమయంలో పేగులకీ కిడ్నీలకీ పోయే రక్తం బాగా తగ్గుతుంది. మెదడుకి మాత్రం ఎప్పుడూ నిమిషానికి ముప్పావు లీటరు, అటూ ఇటూ కాకుండా అందుతూనే ఉంటుంది.

ధమనుల వైపు తలుపులు తెరుచుకుంటే రక్తం కండరాల గుండా త్వరగా దాటి సిరల్లోకి వచ్చేస్తుంది. పిక్కల కండరాలు బిగిసినప్పుడల్లా సిరల్ని నొక్కి రక్తాన్ని పైకి తోస్తాయి. సిరల్లో కవాటాలున్నాయి కాబట్టి అది వెనక్కి పోలేదు. గాఢంగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి, పొట్టలో పెరిగి, రక్తం గుండె వైపు లాగినట్టు వస్తుంది. ఇలా నిమిషానికి అయిదు లీటర్ల బదులు పదిహేను, ఇరవై లీటర్లు గుండెలో కుడివైపు పై గది, అంటే కుడి కర్ణిక, తలుపు దగ్గరికి వచ్చి నిలబడతాయి. గుండె పని వాటిని ఆలస్యం చేయకుండా ముందుకు పంపడం.

గుండె తనంతట తాను గట్టిగా, వేగంగా కొట్టుకుంటే ఎక్కువ పంపలేదా? పంపలేదు. ఇది చాలామందికి, డాక్టర్లలో కొందరికి కూడా, నమ్మబుద్ధి కాదు. బోరులో గంటకి ఊరే నీళ్లు ఎన్నో అంతే పైకి వస్తాయి, మూడు హెచ్‌పీ మోటారు తీసి అయిదు హెచ్‌పీ దింపినా గాలి పీలుస్తుందే తప్ప నీళ్లు పెరగవు. గుండె విషయంలోనూ అంతే. పేస్‌మేకర్ పెట్టిన మనిషిని ఊరికే పడుకోబెట్టి, వేగాన్ని 70 నుంచి 120కి పెంచి చూడవచ్చు. అవుట్‌పుట్ పెద్దగా మారదు. దెబ్బలు పెరిగిన మేరకు దెబ్బకి పోయే రక్తం 70 నుంచి 40కి దిగిపోతుంది. 120 సార్లు 40 అంటే 4,800, మళ్లీ అదే అయిదు లీటర్లు. ఒళ్లు అడగలేదు కాబట్టి తిరిగి వచ్చేది పెరగలేదు, వచ్చేది పెరగలేదు కాబట్టి పంపేదీ పెరగలేదు.

1950లలో అమెరికాలోని మిసిసిపీలో ఆర్థర్ గైటన్ ఈ విషయాన్ని కుక్కలపై ప్రయోగాలతో లెక్కకట్టి చూపించాడు. సర్జన్ కావలసిన మనిషి, పోలియో వచ్చి కాలూ చెయ్యీ దెబ్బతినడంతో ఫిజియాలజీకి వచ్చాడు. మనదేశంలో ఎంబీబీఎస్ చదివిన ప్రతివాళ్లూ ఆయన పేరు వినే ఉంటారు. ఆయన చెప్పింది ఇది: గుండె ఆగిపోయి, రక్తం ఎక్కడిదక్కడ నిలిచినా, రక్తనాళాల్లో 7 మి.మీ. పాదరసం మేర ఒత్తిడి మిగిలి ఉంటుంది. నాళాల్లో రక్తం కాస్త బిగువుగా నిండి ఉండడం వల్ల వచ్చే ఒత్తిడి అది. కుడి కర్ణికలో ఒత్తిడి సున్నా దగ్గర ఉంటుంది. ఏడు నుంచి సున్నాకి ఉన్న ఆ చిన్న వాలు మీదే సిరల్లోని రక్తమంతా గుండెకి తిరిగి వస్తుంది. గుండె ఇంకా గట్టిగా లాగి కర్ణికలో ఒత్తిడిని సున్నా కిందకి దించినా లాభం లేదు, ఛాతీలోకి వచ్చే చోట పల్చటి సిరలు అతుక్కుపోతాయి. వచ్చేది పెరగాలంటే నాళాల్లో రక్తం బిగువు పెరగాలి, లేదా దారిలో అడ్డు తగ్గాలి. వ్యాయామంలో రెండూ జరుగుతాయి. రక్తం బాగా పోయిన మనిషిలో ఆ బిగువే పోతుంది. అందుకే డెంగీలోనో ప్రమాదంలోనో షాక్‌లోకి పోయినవాళ్లకి మొదట సెలైన్ ఎక్కిస్తాం. అక్కడ గుండె బాగానే ఉంటుంది, దానికి పంపడానికే ఏమీ ఉండదు.

సరే, ఎక్కువ వచ్చింది. వచ్చినదాన్ని గుండె ఎలా పంపేస్తుంది? ఇందులో ఒక భాగానికి నరం అక్కర్లేదు, హార్మోన్ అక్కర్లేదు, గుండె కండరానికి పుట్టుకతోనే ఉన్న గుణం చాలు. బైపాస్ ఆపరేషన్ అయిపోయాక, హార్ట్-లంగ్ మెషీన్ మీద నుంచి మనిషిని మళ్లీ సొంత గుండె మీదకి తెచ్చే పది నిమిషాల్లో ఇది కళ్లారా కనిపిస్తుంది. అప్పటిదాకా రక్తమంతా మెషీన్ రిజర్వాయర్లో తిరుగుతుంటుంది. గుండె దాదాపు ఖాళీగా, వదులుగా, కొట్టుకుంటున్నా ఏమీ తోయకుండా ఉంటుంది. మానిటర్ మీద బీపీ గీత చదునుగా సాగిపోతుంది. మెషీన్ నడిపే పర్‌ఫ్యూజనిస్ట్ సిర వైపు గొట్టాన్ని కొద్దికొద్దిగా బిగిస్తుంటే రక్తం గుండెలోకి చేరుతుంది. చదును గీత మీద చిన్న చిన్న గుట్టలు లేస్తాయి, తర్వాత అవి పెద్దవవుతాయి. మెషీన్ ఆపేశాక పై బీపీ 85 దగ్గర ఆగిందనుకోండి. “హండ్రెడ్ ఇవ్వండి” అంటాం. వంద మి.లీ. రక్తం లోపలికి వెళ్తుంది. మాకూ సర్జన్‌కీ మధ్య కట్టిన గుడ్డ తెర మీదుగా చూస్తే కుడి జఠరిక ముందుకంటే కాస్త నిండుగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ఏ మందూ ఇవ్వలేదు, వేగం మారలేదు, బీపీ మాత్రం 96 అయింది. ఇంకో వంద ఇస్తే 104. ఇంకో వంద ఇస్తే 104 దగ్గరే ఉండిపోయి, సిరల ఒత్తిడి 8 నుంచి 13కి ఎక్కుతుంది, కుడి జఠరిక ఉబ్బుతుంది. అక్కడితో ఆపాలి. నింపితే వచ్చే లాభం అయిపోయింది, ఇక కావాలంటే మందుతో బలం పెంచాలి. ఈ అంకెలు మనిషిని బట్టి మారతాయి గానీ నడక ఇలాగే ఉంటుంది.

ఎంత సాగితే అంత గట్టిగా ముడుచుకునే ఈ గుణాన్ని 1895లో మ్యూనిక్‌లో ఒట్టో ఫ్రాంక్ కప్ప గుండెలో చూశాడు. 1914లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఎర్నెస్ట్ స్టార్లింగ్, తన సహచరులతో కలిసి, కుక్క గుండెనీ ఊపిరితిత్తుల్నీ మిగతా ఒంటి నుంచి వేరు చేసి, ఒక పాత్రలోంచి రక్తం వచ్చేలా ఏర్పాటు చేశాడు. పాత్రను పైకి లేపితే గుండెకి ఎక్కువ రక్తం వచ్చింది, గుండె పెద్దదయింది, కొన్ని దెబ్బల్లోనే వచ్చినంతా పంపడం మొదలుపెట్టింది. అందుకే దీన్ని ఫ్రాంక్-స్టార్లింగ్ సూత్రం అంటారు. కండరం లోపల చూస్తే, రెండు రకాల సన్నటి ప్రొటీన్ పోగులు ఒకదానిలోకి ఒకటి జారుతూ లాగుకుంటాయి. కండరం తగినంత సాగినప్పుడు ఆ పోగులకి పట్టు బాగా కుదురుతుంది. అంతకంటే ముఖ్యంగా, సాగిన పోగులు కాల్షియానికి ఎక్కువగా స్పందిస్తాయి. ఉన్న కాల్షియంతోనే ఎక్కువ బలం వస్తుంది.

ఈ సూత్రం లేకపోతే మనం ఒక్క పూట కూడా బతకం. కారణం చెబుతాను. గుండెలో రెండు పంపులున్నాయి. కుడిది ఊపిరితిత్తులకి, ఎడమది మిగతా ఒంటికి. రెండూ ఒకదాని వెనక ఒకటి ఉన్నవి కాబట్టి రెండూ సరిగ్గా ఒకే లెక్కన పంపాలి. కుడిది ఎడమదానికంటే దెబ్బకి ఒక్క మి.లీ. ఎక్కువ పంపిందనుకోండి. నిమిషానికి 70 మి.లీ., గంటకి 4,200 మి.లీ. ఊపిరితిత్తుల్లో పేరుకుపోతుంది. ఒంట్లో ఉన్నదే అయిదు లీటర్లు. అలా జరగకుండా చూసేది ఫ్రాంక్-స్టార్లింగ్ గుణమే. కుడి నుంచి కాస్త ఎక్కువ వస్తే ఎడమ జఠరిక కాస్త ఎక్కువ సాగుతుంది, తర్వాతి దెబ్బలోనే ఆ తేడా తీర్చేస్తుంది. దీనికి కాపలా కాసేవాళ్లు ఎవరూ లేరు, దెబ్బదెబ్బకీ తనంతట తానే సరిపోతుంది. ఫిజియాలజీలో నాకు అన్నిటికంటే అందంగా అనిపించే విషయం ఇదే.

ఇప్పుడు నరాల సంగతి. కుడి కర్ణికలో ఉండే ఎస్ఏ నోడ్ అనే చిన్న కణజాలం గుండె వేగాన్ని నడుపుతుంది. దాన్ని దాని మానాన వదిలేస్తే నిమిషానికి వంద దాకా కొడుతుంది. మనకి 70 ఉండటానికి కారణం, మెదడు కింది భాగం నుంచి వచ్చే వేగస్ నరం ఎప్పుడూ కళ్లెం పట్టి ఉంచడం. మెట్టు ఎక్కడం మొదలుపెట్టగానే మొదటి రెండు మూడు సెకన్లలో జరిగేది ఆ కళ్లెం వదలడమే. పరీక్ష హాల్లోకి అడుగుపెట్టే ముందే గుండె దడదడలాడుతుందే, అదీ ఇలాగే. కండరం ఇంకా అడగకముందే, టెన్షన్‌తోనే, మెదడు ముందస్తు ఏర్పాటు చేస్తుంది. వేగం వంద దాటాక సింపథెటిక్ నరాలు, అడ్రినలిన్ అందుకుంటాయి. ఇవి వేగాన్నే కాక దెబ్బ బలాన్ని కూడా పెంచుతాయి. ముందు 50 మి.లీ. మిగిల్చిన జఠరిక ఇప్పుడు 30 మాత్రమే మిగులుస్తుంది, నిండేది కూడా 140 అవుతుంది. దెబ్బకి 110, నిమిషానికి 190 దెబ్బలు, దాదాపు 21 లీటర్లు. కుర్రాడి ఇరవై లీటర్ల లెక్క ఇలా తేలుతుంది. ఇవే నరాలు సిరల్ని కూడా బిగించి, అక్కడ నిల్వ ఉన్న రక్తాన్ని గుండె వైపు తోస్తాయి. బోలెడంత రక్తం సిరల్లోనే ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

నరాలే లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే గుండె మార్పిడి జరిగినవాళ్లని చూడాలి. మనదేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది, చేసింది రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్. మార్పిడిలో నరాలన్నీ తెగిపోతాయి. వేగస్ కళ్లెం లేదు కాబట్టి ఆ గుండె పడుకున్నా 90, 100 కొడుతుంటుంది. మెట్లెక్కడం మొదలుపెడితే వేగం వెంటనే పెరగదు, రక్తంలో తిరిగే అడ్రినలిన్ వచ్చి తగిలేదాకా, కొన్ని నిమిషాలు పడుతుంది. అయినా వాళ్లు నడుస్తారు, మెట్లెక్కుతారు, కొందరు పరుగు పందేల్లోనూ పాల్గొన్నారు. మొదటి నిమిషాల్లో వాళ్లని ఆదుకునేది ఫ్రాంక్-స్టార్లింగ్ గుణమే. వచ్చే రక్తం పెరుగుతుంది, గుండె ఎక్కువ నిండుతుంది, ఎక్కువ తోస్తుంది. వాళ్లు కసరత్తు మెల్లగా మొదలుపెట్టి మెల్లగా ఆపాలని చెప్పేది ఈ ఆలస్యం వల్లే.

బీపీని కనిపెట్టే ఏర్పాటు గురించి రెండు మాటలు. మెడలో కెరోటిడ్ ధమని చీలే చోటా, బృహద్ధమని వంపులోనూ గోడ ఎంత సాగిందో పసిగట్టే నరాల కొనలున్నాయి. పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరు పైనే రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగిపోతుంది. గుండెకి వచ్చేది తగ్గి, బీపీ పడబోతుంది. ఆ కొనల నుంచి మెదడుకి కబురు పోయి, ఒకటి రెండు సెకన్లలో గుండె వేగం పెరిగి, నాళాలు బిగుసుకుంటాయి. మనకి తెలియనే తెలియదు. పెద్దవయసులో, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లలో, బీపీ మాత్రలు వాడేవాళ్లలో ఈ స్పందన మందగిస్తుంది. తెల్లవారుజామున బాత్రూమ్‌కని గబుక్కున లేస్తే కళ్లు తిరిగేది అందుకే. మీ నాన్నగారు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి.

వేగానికి ఒక హద్దు ఉంది. గుండె నిండేది రెండు దెబ్బల మధ్య విరామంలో. నిమిషానికి 72 కొడితే ఆ విరామం అర సెకను. 180 కొడితే 0.15 సెకను కూడా మిగలదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అంత తక్కువ సమయంలోనూ నిండేలా సింపథెటిక్ నరాలు జఠరికని త్వరగా వదులు చేస్తాయి. కవాటం సన్నబడినవాళ్లలో అది కుదరదు. చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి, ఎడమ కర్ణికకీ ఎడమ జఠరికకీ మధ్య ఉండే మైట్రల్ కవాటం సన్నబడిన అమ్మాయిలు పెళ్లయ్యేదాకా ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతారు. గర్భం వచ్చాక అవుట్‌పుట్ మూడో వంతు నుంచి సగం దాకా పెరగాలి, వేగమూ పెరుగుతుంది. సన్నటి కవాటం గుండా అంత రక్తం అంత తక్కువ సమయంలో దిగదు. ఆరో నెల, ఏడో నెలలో ఊపిరితిత్తుల్లో నీరు చేరి అర్ధరాత్రి ఆయాసంతో వస్తారు. గర్భిణికి ఆయాసం మామూలేలే అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పేస్తుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. పడుకుంటే ఎక్కువయ్యే ఆయాసం మామూలు కాదు, ఆ రోజే చూపించాలి.

ఇక మీ నాన్నగారి దగ్గరికి వద్దాం. గుండెపోటు వల్లనో, ఇంకో కారణం వల్లనో కండరం బలం తగ్గిందనుకుందాం. తోయకుండా మిగిలిపోయిన రక్తం లోపలే ఉంటుంది, దానికి కొత్తగా వచ్చింది తోడవుతుంది, జఠరిక సాగుతుంది. నెలలు గడిచేసరికి గది పెద్దదై 120 పట్టే చోట 200 మి.లీ. పడుతుంది. ఇప్పుడు 200లో 35 శాతం ఎంత? 70 మి.లీ. ఆరోగ్యంగా ఉన్న గుండె పంపేదీ అంతే. నేను ముందు సగం కథ అన్నది దీని గురించే. ఈఎఫ్ అన్నది నిండినదాంట్లో ఎంత వంతు పోయిందో చెబుతుంది, మొత్తం ఎంత పోయిందో చెప్పదు. మీ నాన్నగారు కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయన ఒంటికి కావలసిన అయిదు లీటర్లూ అందుతూ ఉండవచ్చు. దీనికి తిరగేసిన పరిస్థితీ ఉంది. ఏళ్ల తరబడి బీపీతో గోడలు మందమై గది చిన్నదైతే 80 మి.లీ.లో 60 శాతం పంపినా 48 మి.లీ.నే. ఈఎఫ్ బాగుందంటారు, మనిషికి మాత్రం ఆయాసం. అందుకే ఆ ఒక్క అంకె పట్టుకుని ఇంటిల్లిపాదీ కుంగిపోవద్దని ప్రతి కుటుంబానికీ చెబుతుంటాను.

అయితే ఆయన కూర్చుని ఉన్నప్పుడే తన నిల్వ బలమంతా వాడేసుకుంటున్నారు. గుండె ఇప్పటికే సాగి ఉంది, థియేటర్లో మూడో వంద ఇచ్చినప్పటిలాంటి స్థితి. సింపథెటిక్ నరాలు ఇప్పటికే పనిచేస్తున్నాయి. రెండో అంతస్తు ఎక్కేటప్పుడు నిమిషానికి పది లీటర్లు తిరిగి వస్తే, కుడి జఠరిక పంపేస్తుంది, ఎడమది అందుకోలేదు. వెనక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది, ఆయాసం వస్తుంది. రాత్రి చదునుగా పడుకుంటే కాళ్లలోని రక్తం గుండెకి చేరి అదే పని చేస్తుంది. ఒక దిండు చాలినవాళ్లకి మూడు దిండ్లు కావలసి వస్తుంటే అది రోగం పెరుగుతున్న గుర్తు.

దీనికి కిడ్నీ తోడవుతుంది. తనకి వచ్చే రక్తం తగ్గగానే, ఒంట్లో రక్తం పోయిందనుకుని ఉప్పునీ నీళ్లనీ పట్టి ఉంచుతుంది. గాయమై రక్తం పోయినవాళ్లకి ఇది ప్రాణం కాపాడే పని. ఇక్కడ మాత్రం ఇప్పటికే నిండిన గుండెని ఇంకా నింపుతుంది. గుండె ఊరికే ఉండదు, సాగినప్పుడు తనే ఒక హార్మోన్ వదిలి ఉప్పు బయటికి పంపమని కిడ్నీకి చెబుతుంది. కర్ణికల్లో అలాంటి పదార్థం ఉందని 1981లో కెనడాలో అడోల్ఫో డి బోల్డ్ బయటపెట్టాడు. దాని చుట్టమే మీరు రిపోర్టుల్లో చూసే బీఎన్‌పీ. గుండె ఎంత సాగి ఇబ్బంది పడుతుందో ఆ పరీక్ష చెబుతుంది.

మందులు కూడా ఇదే దృష్టితో చూస్తే అర్థమవుతాయి. నీళ్ల మాత్ర అదనంగా నిండినదాన్ని తీసేస్తుంది, ఆయాసం తగ్గుతుంది. పేరు చివర ‘ప్రిల్’ అనో ‘సార్టాన్’ అనో వచ్చే మందులు నాళాల బిగువు తగ్గించి, తోయడం తేలిక చేస్తాయి, గది ఇంకా పెద్దదవకుండా ఆపుతాయి. బలహీనమైన గుండెకి వేగం తగ్గించే బీటా బ్లాకర్ ఎందుకని మీకు అనిపించవచ్చు. రోజంతా కొరడా దెబ్బలు తినే కండరానికి విశ్రాంతి, నిండటానికి సమయం దొరుకుతాయి. నెలలు వాడితే ఈఎఫ్ పెరిగేవాళ్లు చాలామందే ఉన్నారు. మొదట తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, దాన్ని హఠాత్తుగా ఆపకూడదు. స్పైరోనోలాక్టోన్, షుగర్ మందుగా మొదలై ఇప్పుడు గుండెకీ వాడే డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఈ జబ్బులో ఆయుష్షు పెంచుతాయని తేలినవే. ఆయాసం తగ్గింది కదా అని వీటిని మానేయడం మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు.

ఇంట్లో మీరు చూసుకోవలసింది ఉప్పు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, బయటి చిప్స్ బాగా తగ్గించండి. రోజూ పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు బరువు చూసి రాసిపెట్టండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి వల్ల వచ్చింది కాదు, నీరు. కాళ్ల వాపు కనిపించేదాకా ఆగకుండా డాక్టరుగారికి ఫోన్ చేయండి. నీళ్లు ఎన్ని తాగాలో ఆయన్నే అడగండి, అందరికీ ఒకే లెక్క వర్తించదు.

ఈసారి వెళ్లినప్పుడు ఎకో రిపోర్టులో ఈఎఫ్ పక్కనే ఉండే ఎల్‌వీఐడీడీ (నిండినప్పుడు ఎడమ జఠరిక వెడల్పు) అన్న అంకె చూపించి, గది ఎంత పెద్దదైందో అడగండి. మగవాళ్లలో సుమారు 5.8 సెం.మీ. వరకు మామూలు. మూడు నాలుగు నెలలు మందులు వాడాక తీసే ఎకోలో ఈఎఫ్ పెరగడంతో పాటు ఆ అంకె తగ్గుతోందా అన్నది చూడాలి. హీమోగ్లోబిన్, ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించారా అని కూడా అడగండి. రక్తం పల్చబడితే లీటరుకి మోసే ఆక్సిజన్ తగ్గుతుంది, అదే పనికి ఎక్కువ లీటర్లు తిప్పాలి. థైరాయిడ్ ఎక్కువైతే ఒళ్లంతా ఎక్కువ అడుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె ఆ అదనపు పనిని పట్టించుకోదు. మీ నాన్నగారి గుండెకి ఒక్క లీటరు భారం తగ్గినా రెండో అంతస్తు దగ్గర తేడా తెలుస్తుంది.